తువ్వాల కింద విమానం

మీకొక మహాగాథ చెప్త. రెండు ఇంజన్లు, తోలు సీట్లు, ఒక రాష్ట్రం కోసం కొట్లాట, జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఒక దండయాత్ర, నడుమ మహబూబాబాద్ దిక్కు ఒక రహస్య మంతనం. కాండలకు కాండలు రాయదగ్గ సరుకు.

అట్లనుకొనే కూసున్న. కాండలు పక్కన పెట్టండి, కాగితం రెండో వైపు కూడా నిండేటట్టు లేదు. ఈ కథలో విమానం ఒక్కసారి కూడా గాల్లోకి లేవదు. అసలు రానే రాదు. వచ్చింది దాని కాగితం. దండయాత్ర పాత స్కూటర్ మీద జరిగింది. వీరునికి మోకాళ్ల నొప్పులు.

మొన్న మా బాపు ట్రాక్టరుకు వెనక టైర్ల ధర ఫోన్లో వెతుకుతుంటే, నడిమి సైజు వ్యాపార విమానం, వాడినది, మంచి స్థితిలో అమ్మకానికి ఉన్నదని ప్రకటన వచ్చింది. టైర్లు అడిగితే విమానం చూపించేంత నమ్మకం ఆ ఫోనుకు నా మీద ఎందుకు కలిగిందో తెల్వది. ఫోటో చూసిన. వెంటనే చాచాకు చెప్పాలనిపించింది. నంబరు దాకా పోయిన. 'చాచా ట్రాక్టర్' అని ఇంకా అట్లనే ఉంది. చాచా పోయి రెండేండ్లైంది.

చాచా జనగామలో పాత ట్రాక్టర్ల దలాల్. ఆయనకు పేరు లేక కాదు, పేరుతో పిలిచిన మనిషిని నేను చూడలేదు. బండి అమ్మేటోడు చాచా అనేటోడు, కొనేటోడు చాచా అనేటోడు, ధర కుదరక తిట్టుకుంట పోయేటోడు కూడా ఏం చాచా అనే తిట్టేటోడు.

బండి వస్తే చాచా ఇంజను దిక్కు చూసేది లేదు. ముందు టైరు దగ్గర కూలబడతడు. కూలబడుడంటే అంత సులువు కాదు. ఒక మోకాలికి ఒక 'యా అల్లా', రెండో మోకాలికి ఇంకొకటి. బొటనవేలి గోరు టైరు గాడిలో గుచ్చి, ఆ గోరు వాసన చూస్తడు. మీటరు అబద్ధమాడుతది గని టైరు ఆడదని చెప్పేటోడు. ఆ వాసనలో అంత సత్యం ఏముందోనని నేను కూడా ఒకసారి చూసిన. రబ్బరు వాసన. కొద్దిగ పేడ.

తర్వాత బండి మీదికెక్కి, ఇంజను బంద్ ఉండగనే, కండ్లు మూసుకొని ఒక నిమిషం కూసుంటడు. ఒక్కసారన్న మీద కూసోకుండ బండికి ధర చెప్పద్దు అనేది ఆయన నియమం. కూసుంటే ఏం తెలుస్తది చాచా అని అడిగితే, "బండికి మనం తెలుస్తం" అన్నడు. నేను నవ్విన. నేను అన్నిటికీ నవ్వేటోణ్ణి. అప్పుడు నాకదొక్కటే పని.

ఆఖరుకు తువ్వాల. ఎర్ర గళ్ల తువ్వాల. పశువుల అంగడిలో బేరం చేసినట్టే ట్రాక్టర్లకు కూడా చేసేటోడు. వేలా, లక్షలా అన్నది పైకి చెప్తరు. అంకె మాత్రం చెప్పరు. చేతుల మీద తువ్వాల కప్పి, ఎదుటోని వేళ్లు పట్టుకుంటరు. మూడు వేళ్లు పడితే మూడు, మొత్తం చెయ్యి పడితే ఐదు. విడిచి మళ్లీ పడితే ముందుది పదులు, తర్వాతది ఒకట్లు. చుట్టూ పది మంది నిలబడ్డా ధర ఇద్దరికే తెలుస్తది. పది మందిలో ధర చెప్పుడంటే మనిషి అంగీ విప్పినట్టని చాచా అనేటోడు. అమ్ముకునేటోని అవసరం ఎంతదో ఊరికి తెల్వద్దు.

విమానం సంగతికి వస్త. ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులు. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్. జనగామ చౌరస్తాలో టెంటు, టెంటు కింద రిలే నిరాహార దీక్ష. రిలే దీక్షంటే పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా తినకుండ కూసునుడు. డిగ్రీ అయిపోయి ఖాళీగున్న నాకు అది అచ్చం నౌకరీ లెక్కనే ఉండె. టైముకు పోవుడు, టైముకు వచ్చుడు, జీతం లేకపోవుడు. బండ్లు కొనేటోళ్లు, అమ్మేటోళ్లు అందరూ అదే టెంటు కింద ఉండేసరికి చాచా కూడా అక్కడికే వచ్చి కూసునేటోడు.

ఒకరోజు జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టిండు. అంతా ఇంగ్లీషు. పైన విమానం బొమ్మ.

భూపాలపల్లిలో బొగ్గు గని మీద మట్టి తీసే కాంట్రాక్టు కంపెనీ ఒకటుండె. వాళ్ల పాత టిప్పర్లు కొన్ని చాచానే అమ్మిపెట్టిండు. ఆ కంపెనీ పెద్దాయనకు హైదరాబాద్‌లో ఒక విమానం ఉందట, దాన్ని అమ్ముతున్నడట. అక్కడి మేనేజరు కోస్తా నుంచి వచ్చినాయన. చాచా కనబడితే, సినిమాలల్ల చేసినట్టు మన మాటను సాగదీసి, "గిదెంతకు బోతది చాచా?" అని ఈ కాగితం ఇచ్చిండట. ధర సరిగ్గా చెప్తే, అమ్మే ముందు నిన్ను హైదరాబాద్ తీసుకపోయి అందులో ఒకసారి కూసోబెడతనన్నడట.

ఆయన నిన్ను ఎక్కిరించిండు చాచా అని చెప్పిన.

"ఎక్కిరిచ్చేటందుకన్న నేర్చుకున్నడు గద బేటా" అన్నడు చాచా. "కూసోబెడత అన్నడు. నాకు అది గావాలె."

జన్మలో ఒక్క రోజన్న కమీషన్ మాట ఎత్తకుండ బేరానికి దిగిండంటే అది అప్పుడే. ఎక్కి ఎక్కడికో పోవాలని కూడా లేదు. ఇంజను బంద్ పెట్టి, కండ్లు మూసుకొని, ఒక్క నిమిషం కూసోవాలె. అంతే.

కాగితం చదువుడు వారం రోజులు నడిచింది. టెంటులో మైకు ఆగినప్పుడల్లా నేను ఒక లైను చదివి చెప్పేది, చాచా దాన్ని ట్రాక్టరులోకి మార్చుకునేది. సీట్లు ఎనిమిది. "ట్రాలీ చిన్నదే." ఇంజన్లు రెండు. "ఒకటి ఎప్పుడు విప్పి కట్టిన్రు, రెండోది ఎప్పుడు? రెండూ ఒక్కపారి విప్పినోడు మంచోడు." లోపలి ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. చాచా ఆరడుగుల మనిషి. "అయితే తల వంచాలె" అని టెంటు కిందనే లేచి, వంచి చూసుకున్నడు. దీక్షలో కూసున్న పెద్దమనుషులు ఆయన దండం పెడుతున్నడనుకొని తిరిగి దండం పెట్టిన్రు.

ఎగిరిన గంటలు చదివిన. నాలుగు వేల చిల్లర. ఆ కింద దిగిన సార్లు చదివిన. చాచా ఆ రెండు లైన్లు మళ్లీ చదవమన్నడు.

"గంటలకన్న దిగుడే ఎక్కువున్నది గదరా."

ఉంటే ఏమైతది అన్న.

"దూరం పోయిన బండి కాదిది. దగ్గర దగ్గర తిరిగింది. ఎక్కుడు, దిగుడు, ఎక్కుడు, దిగుడు. నీళ్ల ట్యాంకర్ గుంజిన ట్రాక్టర్ లెక్క. మీటరు తక్కువ చూపిస్తది, పానం పోయి ఉంటది."

విమానాలకు వెల కట్టేటోళ్లు నిజంగనే ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తరని నాకు చానా ఏండ్లకు తెలిసింది. అప్పుడు తెల్వదు. నేను తర్వాతి లైను చదివిన. ఒక్క బిగిన దుబాయి అవతలి దాకా పోగలదని రాసి ఉంది. చాచా కాగితం తన దిక్కు తిప్పుకొని విమానం బొమ్మ చూసిండు.

"గంత దూరం పోయేదాన్ని పట్టుకొని ఊరూరు తిప్పిన్రు" అన్నడు. ముసలి ఎద్దు గురించి చెప్పినట్టు చెప్పిండు.

ఆయన పరేషాన్ అంతా టైర్ల మీద. బొమ్మలో టైర్లు పెసరగింజలంత ఉన్నయ్. జిరాక్స్ షాపుకు పోయి పెద్దగ చేపిచ్చినం. పెద్దగైంది గని మాడిన రొట్టె లెక్కయింది. ఇంకా పెద్దగ చేపిచ్చినం. పెద్ద రొట్టె అయింది. దాన్నే మడతపెట్టి జేబులో పెట్టుకున్నడు.

ఇక రహస్య మంతనం. మహబూబాబాద్ పోయే తొవ్వలో, గూడూరు దగ్గర ఒక తండాలో చాచా ట్రాక్టరు కొన్న పెద్దమనిషి ఉండె, వాయుసేనలో పనిచేసి వచ్చినాయన. ఆయనకు విమానాల గుట్టు తెలుసని చాచా నమ్మకం. పోయినం. ఇంటామెతో వాళ్ల మాటలో ఏదో చెప్పి, మాకు మక్క కంకులు కాల్పిచ్చి, కాగితం ముందూ వెనకా చూసి, తాను అక్కడ వంట మేస్త్రినని చెప్పిండు. ఇరవై ఏండ్లు విమానాలు నడిపేటోళ్లకు రొట్టెలు చేసిండట. జిరాక్స్ టైరును ఆయన కూడా రొట్టె అనే అనుకున్నడు.

అయినా ఒక మాట పనికొచ్చింది. వాళ్లు తినేకాడ కూడా పుస్తకంలో రాసుకునేటోళ్లట. ఎగిరిన ప్రతిసారి, విప్పిన ప్రతి బోల్టు రాయాలట. "గా పుస్తకంల ఒక్క కాగితం తక్కువైతే విమానం సగం ధరకు గూడ పోదని తింటాంటె మాట్లాడుకునేది" అన్నడు. చాచా మన కాగితంలో వెతకమన్నడు. పుస్తకాలన్నీ ఉన్నయని ఒక లైను ఉంది. అప్పుడు చాచా తలూపిండు. వచ్చే దారంతా స్కూటర్ మీద నా ముందు కూసొని ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకొని, రెండో చెయ్యి వేళ్లు ముడుస్తూ తెరుస్తూ ఉన్నడు. ధర కుదిరిందని అర్థమైంది. ఎంత అని అడిగితే, "అమ్మేటోనికి చెప్పకముందు నీకెట్ల చెప్త" అన్నడు.

భూపాలపల్లికి పోయే రోజు కూడా బంద్. బంద్ పెట్టింది మేమే, పోయేది మేమే. ఘనపూర్‌లో రోడ్డు మీద వంటావార్పు నడుస్తుంది. పొయ్యిలు పెట్టి అన్నాలు వండుతున్నరు. స్కూటర్ ఆపి, ఎటు పోతున్నరని అడిగిన్రు. దవాఖానకు అని చెప్పమని చాచా వీపు గోకిన. చాచా అబద్ధం ఆడలేదు.

"విమానం ధర చెప్పనీకి పోతున్నం" అన్నడు.

ఎవరూ నవ్వలేదు. ఒక అక్క ఇద్దరికీ ఇస్తరాకులు వేసి పప్పన్నం పెట్టింది. తినంగనే రాళ్లు పక్కకు జరిపి తొవ్వ ఇచ్చిన్రు. ఆ తొవ్వలో పెండ్లి కారు ఒకటి రెండు గంటల సంది ఆగి ఉంది.

మేనేజరు ఆఫీసు రేకుల షెడ్డు. అయిదారుగురు గుమాస్తాలు. మేనేజరు చెడ్డమనిషేం కాదు. కుర్చీలు వేయించిండు, చాయ్ చెప్పిండు. చాచా గారూ, ఇంత దూరం ఈ బంద్‌లో ఎందుకొచ్చారండీ అన్నడు. తర్వాత గుమాస్తాల దిక్కు చూసి, గొంతు మార్చి, "గిప్పుడు జెప్పు చాచా, గిదెంతకు బోతది?" అన్నడు. గుమాస్తాలు నవ్విన్రు.

చాచా చాయ్ కప్పు కింద పెట్టిండు. భుజం మీది తువ్వాల తీసి దులిపి, మేనేజరు చెయ్యి మీద కప్పి, దాని కింద తన చెయ్యి పెట్టిండు.

మేనేజరుకు అర్థం కాలేదు. ఆయన ఎన్నడూ అంగడికి పోయినోడు కాదు. తువ్వాల కింద ఒక ముసలాయన తన వేళ్లు పట్టుకొని, కండ్లలోకి చూస్తూ, విడిచి, మళ్లీ పట్టుకుంటుంటే ఆయన మొఖం ఎర్రబడ్డది. నా దిక్కు తిరిగి, "ఏంటయ్యా, ఏమంటున్నాడు మీ చాచా?" అని అడిగిండు.

ఇక్కడ నేను ఒక్క మాట చెప్తే అయిపోయేది. ధర చెప్తున్నడు సార్, వేళ్లు లెక్కపెట్టుకోండి. అంతే.

"మీ చెయ్యి మెత్తగుంది, పని చేసిన చెయ్యి కాదంటున్నడు సార్" అన్న.

షెడ్డు ఎగిరిపోయేటట్టు నవ్విన్రు. మేనేజరు కూడా చెయ్యి గుంజుకొని పొట్ట పట్టుకొని నవ్విండు. సరే సరే అని చాచా భుజం తట్టిండు. అప్పటిదాకా మన మాటకు నవ్వినోళ్లు మొదటిసారి నా మాటకు నవ్వుతున్నరు. నాకు అంతకుముందు, ఆ తర్వాత అంత సంబురం ఎన్నడూ కాలేదు. రాష్ట్రం వచ్చిన రోజు కూడా అంత కాలేదు.

చాచా తువ్వాల మడతపెట్టి భుజం మీద వేసుకున్నడు. సలాం చెప్పిండు. స్కూటర్ స్టార్ట్ చేసినంక, "తొందర్లనే పిలుస్తడు" అన్నడు.

నెల దాటినంక మేనేజరు నాకు ఫోన్ చేసిండు. చాచాకు ఇంగ్లీషు మెసేజ్‌లు రావని కాగితం మీద నా నంబరే రాసిచ్చి ఉంటిమి. విమానం పోయిన వారమే అమ్ముడుపోయిందట. మాటల్లో, "మీ చాచా చెయ్యి నొక్కి వెళ్లిపోయాడు కానీ ధర చెప్పనే లేదు కదయ్యా. చెప్పుంటే సరదాకి అయినా కూర్చోబెట్టేవాణ్ణి. మా పెద్దాయన్ని కూడా అడిగి ఉంచాను" అన్నడు. అవునా సార్ అన్న. ఫోన్ పెట్టేసి చాచా దగ్గరికి పోయిన. చాచా ఒక ట్రాక్టరు టైరు దగ్గర కూలబడి గోరు వాసన చూస్తున్నడు. "ఫోన్ వచ్చిందా?" అని అడిగిండు.

రాలేదన్న.

పిలుస్తడులే అన్నడు.

ఆ తర్వాత ఎన్నేండ్లో అదే మాట. జనగామ మీద విమానం పోతే చాచా తలెత్తి, అది మాయమయ్యేదాకా చూసి, పిలుస్తడు అనేటోడు. మా ఇంటికొస్తే గుమ్మంలో తల అవసరం ఉన్నదానికంటే ఎక్కువ వంచేటోడు. ఏంది చాచా, మా గుమ్మం అంత చిన్నగున్నదా అంటే, అలవాటు చేసుకుంటున్నననేటోడు. నేను నవ్వలేకపోయేది. జోకర్‌కు నవ్వు రాకపోతే ఇంక వాని దగ్గర మిగిలేదేముంది? చాయ్ తాగు చాచా అనేది.

రాష్ట్రం వచ్చింది. తర్వాత మా ఒక్క జిల్లా ముక్కలైంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ మూడు జిల్లాలైనయ్. చాచా ఎక్కడికీ పోకుండనే మూడు జిల్లాల దలాల్ అయిండు. స్కూటర్ అమ్మేసిండు. అమ్మే ముందు దాని టైరు కూడా గోరుతో గుచ్చి చూసి, ఇది ఎక్కువకు పోదని కొనేటోనికి తానే చెప్పిండు.

ఆఖరుసారి చూసినప్పుడు మంచంలో ఉన్నడు. మధ్యాహ్నం పూట, కిటికీలోంచి ఎండ కాళ్ల మీద పడుతుంది. నేను మామూలుగ జోకులు తీసుకపోయిన, బత్తాయిలతో పాటు. చాచా వాటిని రెండిటినీ పక్కన పెట్టమన్నడు. తువ్వాల ఇయ్యమన్నడు.

"ఆయనకు వేళ్ల మాట రాదని గప్పుడే ఎర్కైంది బేటా" అన్నడు.

మరి నోటితో చెప్పకపోయినవా అన్న.

"నవ్వినంక ధర చెప్పద్దు."

అంతే అన్నడు. కోపం లేదు. టైరు గురించి చెప్పినట్టే చెప్పిండు. నేను ఆ ఫోను సంగతి చెప్పిన. అమ్ముడుపోయింది చాచా, అప్పుడే పోయింది, నీకు చెప్పలేదు అన్న. తెలుసన్నట్టు తలూపిండు.

"మరి ఇన్నేండ్ల సంది పిలుస్తడు పిలుస్తడని ఎందుకన్నవ్?"

"నువ్వు పరేషానైతవని."

నా చెయ్యి లాక్కొని మీద తువ్వాల కప్పిండు. కింద ఆయన చెయ్యి చల్లగుంది. ముందు మూడు వేళ్లు పట్టుకున్నడు. కండ్లు మూసుకొని ఆగిండు, ఇంజను బంద్ ఉన్న బండి మీద కూసున్నట్టు. తర్వాత రెండు వేళ్లు. వాటిని చానాసేపు విడువలేదు.

ముప్పై రెండు. ముప్పై రెండు ఏందో చాచా పైకి చెప్పలేదు, నేను అడగలేదు. కోట్లే అయి ఉంటయ్. అది ఎంతకు పోయిందో తెలుసుకుందామంటే మేనేజరు నంబరు ఇప్పుడు పనిచేస్తలేదు. తువ్వాలను చాచా ఇంటోళ్లు నాకే ఇచ్చిన్రు. ఉతకలేదు.

మొన్నటి ప్రకటనలో అన్నీ ఉన్నయ్. గంటలు, దిగిన సార్లు, ఇంజన్లు విప్పిన సంగతి, లోపలి ఎత్తు. అదే ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. చదువుతుంటే నాకు తెల్వకుండనే గంటలూ దిగుళ్లూ పక్కపక్కన పెట్టి చూసిన. ఇది దూరం పోయిన బండే. ధర దగ్గర మాత్రం, అడిగి తెలుసుకోవలెను అని ఉంది. కింద ప్రశ్న రాయడానికి ఒక డబ్బా ఉంటే, ఇంగ్లీషులో, చాచా అడిగేటట్టే అడిగిన: టైర్లు ఎట్లున్నయ్?

మర్నాడు జవాబు వచ్చింది. విమానం టైర్లు రెండు మూడు వందల సార్లు దిగంగనే ఎట్లయినా మార్చేస్తరట. వాటిని ధరలో లెక్కలోకి తీసుకోరట.